ఇండోర్ మొక్కలను పెరటి నేలలో పెంచే పద్ధతి

మనీప్లాంట్, మాన్‌స్టెరా, సింగోనియం, అగ్లోనిమా, ఆంథూరియం, పీస్ లిల్లీ, స్నేక్ ప్లాంట్ వంటివాటిని నర్సరీలు ఇండోర్ మొక్కలన్న ఒకే పేరుతో అమ్ముతున్నా, వాటిలో ఏ ఒక్కటీ గదిలో పుట్టిన జాతి కాదు. మనీప్లాంట్ పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా దీవిది. మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు వ్యాపించిన తేమ అడవులది. ఆంథూరియం కొలంబియా, ఈక్వడార్ దేశాలది, స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది. రబ్బరు మొక్క అయితే మన ఈశాన్య రాష్ట్రాలదే. మేఘాలయలో వాగులకు అడ్డంగా కనిపించే సజీవ వంతెనలు ఆ చెట్టు వేళ్లను అల్లి పెంచినవే. చలిదేశాల వారు శీతకాలపు మంచుకు భయపడి ఈ మొక్కలను ఇళ్లలోకి తెచ్చుకున్నారు. తెలుగు రాష్ట్రాల మైదాన ప్రాంతాలలో ఆ భయానికి తావు లేదు కనుక, పెరట్లో నాలుగు గజాల నీడ ఉన్న ప్రతివారూ వీటిలో చాలావాటిని నేలలోనే పెంచుకోవచ్చు.

అయితే ఇంగ్లీషులో దొరికే సలహాలను యథాతథంగా పాటిస్తే ఇక్కడ మొక్క దక్కదు. ఆ సలహాలు రాత్రి చలి ఎంతకు పడిపోయిందో చూసుకొమ్మంటాయి, వేసవి రాగానే మొక్కను బయట పెట్టమంటాయి. మనకు వేసవే గండం. ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండ, దానితోపాటు వీచే పొడి వడగాలి ఈ జాతుల ఆకును ఒక్క మధ్యాహ్నంలో మాడ్చివేయగలవు. అందువల్ల ఇక్కడ చేయవలసిన పని అంతా నీడను వెతకడం, తేమను నిలపడం, నాటే కాలాన్ని సరిగ్గా ఎంచుకోవడం అన్న మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

చోటును ఎంచుకోవడానికి మన పెరళ్లలోనే ఒక గుర్తు ఉంది. మనీప్లాంట్, మాన్‌స్టెరా, సింగోనియం, అగ్లోనిమా, ఫిలోడెండ్రాన్, డిఫెన్‌బేకియా, పీస్ లిల్లీ, ఆంథూరియం, జీజీ మొక్క అన్నీ మన కంద, చేమ మొక్కల కుటుంబానికి చెందినవే. ఆకు కోసినప్పుడు చేతికి అంటే దురద కూడా అదే. అరటి పిలకల మధ్య, కొబ్బరి చెట్ల కింద, నూతి పళ్లెం పక్కన చేమ ఆకు పచ్చగా, వెడల్పుగా నిలిచే చోటు మీ పెరట్లో ఉంటే, ఈ కుటుంబంలోని చాలా మొక్కలకు అదే తగిన చోటు. చేమ నీటి నిలవను ఓర్చుకున్నంతగా ఇవి ఓర్చుకోవు అన్న ఒక్క తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి.

నీడను పరిశీలించడం

నాటే ముందు కనీసం కొన్ని రోజులపాటు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడ పడుతున్నదో చూడాలి. తూర్పు గోడ పక్కన ఉదయం పది, పదకొండు గంటల వరకు ఎండ ఉండి తరువాత నీడ పడుతుంది. ఈ మొక్కలకు ఇంతకన్నా మంచి చోటు లేదు. పడమటి గోడ పక్కన మధ్యాహ్నమంతా ఎండ కొట్టడమే కాక, వేడెక్కిన గోడ రాత్రి పొద్దుపోయేదాకా ఆవిరి కక్కుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ క్రోటన్ల వంటి మొండి మొక్కలను తప్ప మరేవీ నాటకూడదు.

ఉత్తరపు గోడ విషయంలో చాలామంది పొరపడుతుంటారు. డిసెంబరులో చూస్తే అక్కడ రోజంతా నీడే ఉంటుంది కనుక సున్నితమైన మొక్కలను తెచ్చి అక్కడ పెడతారు. కానీ మన ప్రాంతం కర్కాటక రేఖకు దక్షిణాన ఉండడం వల్ల ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో జరుగుతుంది. ఈ రెండు తేదీల మధ్య సూర్యుడు కాస్త ఉత్తరంగా నడుస్తాడు. అంటే సరిగ్గా వేడి ముదిరిన రోజులలోనే ఉత్తరపు గోడ పక్కకు ఎండ వచ్చి చేరుతుంది. డిసెంబరు నీడను నమ్మి నాటిన మొక్కకు మే నెలలో ఎండను ఆపే వల (షేడ్ నెట్) కట్టవలసి వస్తుంది.

చెట్టు నీడలోనూ రకాలున్నాయి. మామిడి, సపోటా నీడ ఏడాది పొడవునా చిక్కగా ఉంటుంది. అగ్లోనిమా, పీస్ లిల్లీ వంటివాటికి అది బాగా నప్పుతుంది. కొబ్బరి నీడ పల్చగా, కదులుతూ ఉంటుంది కాబట్టి తీగ జాతులకు, ఆంథూరియానికి అనుకూలం. వేప నీడ మంచిదే కానీ ఆ చెట్టు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి ఉగాది నాటికి మళ్లీ చిగురుస్తుంది. మధ్యలోని ఆ కొద్ది వారాలు కింది మొక్కల మీద నేరుగా ఎండ పడుతుందని ముందే ఊహించి పాత చీరో, షేడ్ నెట్టో సిద్ధంగా ఉంచుకోవాలి. జామ చెట్టు నీడ బాగానే ఉంటుంది గానీ దాని బెరడు పెచ్చులుగా రాలిపోతుంటుంది. పట్టుకున్న బెరడు ఊడిపోతే గాలివేళ్లు నిలవవు కనుక తీగలను జామకు పాకించకూడదు.

ఎంత నీడ ఉందో తేల్చుకోవడానికి మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ చోట నేలకు అడుగు ఎత్తున అరచేయి చాచి చూడవచ్చు. వేళ్ల నీడ గీత గీసినంత స్పష్టంగా పడితే అది ఈ మొక్కలకు పనికిరాని చోటు. అంచులు చెదిరిన మసక నీడ పడితే మనీప్లాంట్, మాన్‌స్టెరా, సింగోనియం, ఆంథూరియం నాటవచ్చు. నీడే కనిపించకపోయినా పత్రిక చదువుకొనే వెలుతురు ఉంటే అగ్లోనిమాకు, పీస్ లిల్లీకి చాలు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. గది మధ్యలో వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్‌కు మించదు, నడిమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. చిక్కటి చెట్టు నీడలో సైతం గదిలో కన్నా ఎన్నో రెట్ల వెలుతురు ఉంటుంది కాబట్టి, నీడ ఎక్కువైపోయిందేమోనన్న బెంగ అనవసరం.

బయటి వెలుతురుకు అలవాటు చేయడం

గదిలో పెరిగిన ఆకు పల్చగా, వెడల్పుగా, కాస్త ముదురు పచ్చగా ఉంటుంది, ఎందుకంటే దొరికే కొద్దిపాటి వెలుతురునంతా పట్టుకొనే విధంగా మొక్క దానిని తయారుచేసుకుంటుంది. అలాంటి ఆకు మీద ఉన్నట్టుండి ఎండ పడితే అందులోని పచ్చదనం విరిగిపోయి, మరునాటికి తెల్లటి మచ్చ తేలి, నాలుగైదు రోజులకు ఆ మచ్చ కాగితంలా ఎండిపోతుంది. ఆ మచ్చ మళ్లీ పచ్చబడదు. మొక్క కోలుకోవడమంటే బయటి వెలుతురులో పుట్టిన కొత్త ఆకు రావడమే. ఆ కొత్త ఆకు కాస్త చిన్నదిగా, దళసరిగా, కురచ కాడతో ఉంటుంది.

అందువల్ల గదిలోని కుండీని మొదటి వారం వరండాలోనో చిక్కటి చెట్టు కిందనో ఎండ అసలు తగలని చోట ఉంచాలి. రెండో వారంలో ఉదయం ఎనిమిది గంటల లోపు నీరెండ ఓ అరగంట తగిలే చోటికి, మూడో వారంలో ఒక గంట తగిలే చోటికి జరపాలి. కొత్త చిగురు విచ్చుకున్నాక నేలలో నాటాలి. ఈ రోజుల్లో కుండీ తొందరగా ఆరిపోతుంది కాబట్టి గదిలో వారానికొకసారి పోసిన నీరు బయట రెండు రోజులకొకసారి పోయవలసి రావచ్చు. మచ్చ పడిన ఆకులను వెంటనే కోసేయకుండా, కనీసం రెండు కొత్త ఆకులు వచ్చేవరకు ఉంచాలి. సగం పచ్చగా ఉన్న ఆకు కూడా మొక్కకు తిండి చేసిపెడుతుంది.

నర్సరీ నుంచి నేరుగా తెచ్చిన మొక్క విషయం వేరు. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక ఊళ్లలో జాతీయ రహదారికి అటూ ఇటూ విస్తరించిన నర్సరీలలో ఇవి షేడ్ నెట్ కింద ఆరుబయటే పెరుగుతాయి. వాటికి వెలుతురు కొత్త కాదు, గాలి కొత్త. గోదావరి తీరపు తేమగాలిలో పెరిగిన కలాథియానో ఆంథూరియాన్నో అనంతపురం, కర్నూలు, హైదరాబాదుల పొడిగాలిలోకి తెస్తే రెండు వారాల్లో ఆకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. అటువంటప్పుడు వాటిని విడివిడిగా కాక నాలుగైదు మొక్కలను గుంపుగా, చేరువగా ఉంచి, చుట్టూ నేలను తడుపుతూ అలవాటు పడనివ్వాలి. ఆకుల మీద స్ప్రేయర్‌తో నీళ్లు చల్లడం వల్ల కలిగే మేలు పావుగంటకు మించి నిలవదు.

నాటే కాలం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరకే అనలేదు. మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం వరకు నడిచే ఆ కార్తెలో కొత్త మొక్కను నాటడమంటే దానిని పోగొట్టుకోవడమే. జూన్ 7, 8 తేదీలలో మృగశిర ప్రవేశించాక, నేల లోపలి వేడి దిగేలా రెండు మంచి వానలు పడేదాకా ఆగి నాటాలి. జూన్ మధ్య నుంచి ఆగస్టు వరకు నాటిన మొక్కకు చలి నెలల లోపు వేళ్లు పట్టడానికి తగినంత వ్యవధి దొరుకుతుంది. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలలో అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కనుక అక్కడ అక్టోబరు దాకా ఆగడమే మేలు. ఆదిలాబాద్ జిల్లాలోనూ, అరకు, లంబసింగి వంటి మన్యం ఊళ్లలోనూ డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతాయి. అక్కడ అగ్లోనిమా, కలాథియా, ఆంథూరియాలను కుండీలలోనే ఉంచి, ఆ రెండు నెలలు లోపల పెట్టుకోవాలి. పదిహేను డిగ్రీల కన్నా తక్కువ చలిలో ఇవి పెరగడం మానేస్తాయి, పది కన్నా తగ్గితే ఆకు నల్లబడుతుంది.

నేలను సిద్ధం చేయడం, నాటడం

అడవిలో ఈ మొక్కలు పెరిగేది గట్టి మట్టిలో కాదు, రాలిన ఆకులు కుళ్లి మెత్తబడిన పొరలో. కాబట్టి లోతుగా గుంత తవ్వడం కంటే నేల మీద ఎత్తుగా మడి కట్టడం మంచిది. నల్లరేగడి నేల ఉన్నవారు ఈ మాటను తప్పనిసరిగా పాటించాలి, ఎందుకంటే ఆ నేలలో తవ్విన గుంత వానాకాలంలో నీటి తొట్టిగా మారి, వేసవిలో నెర్రెలు విచ్చి వేళ్లను తెంపుతుంది. ఇటుకలనో రాళ్లనో అంచుగా పేర్చి జానెడు ఎత్తున మడి కట్టి, అందులో రెండు పాళ్లు తోట మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు ముతక ఇసుక కలిపి నింపాలి. తెలంగాణలోని ఎర్ర చల్కా నేలలలో ఇసుక అక్కర్లేదు, ఎరువు పాలు పెంచితే చాలు. కోస్తా ఇసుక నేలలలో ఇసుకకు బదులు చెరువు మట్టి కలపాలి. గోదావరి, కృష్ణా డెల్టాల ఒండ్రు నేల ఉన్నవారు అదృష్టవంతులు. వారు నీరు పోయే దారి ఒక్కటి చూసుకుంటే సరిపోతుంది. మిశ్రమంలో మడికి రెండు మూడు గుప్పిళ్ల వేపపిండి కలిపితే నేలలోని పురుగుల బాధ కొంత తగ్గుతుంది.

నాటేటప్పుడు ఎక్కువ మొక్కలు చనిపోవడానికి కారణం వేరుముద్దను చూడకుండా అలాగే నేలలో పెట్టడం. ఇండోర్ మొక్కలను నేడు చాలా నర్సరీలు వట్టి కొబ్బరి పొట్టులో పెంచుతున్నాయి. కుండీ తిరగేసి ముద్దను అరచేతిలోకి తీసుకొని పైపొరను వేళ్లతో మెల్లగా విడదీస్తే, సరిగ్గా కాండం మొదట్లో, బొటనవేలంత జాగాలో, పల్చటి వలగుడ్డ లేదా కాగితపు తొడుగు కనిపించవచ్చు. టిష్యూకల్చర్ పిలకను, అంటే ప్రయోగశాలలో మొక్క కణజాలం నుంచి పెంచిన పిలకను, మొదట నాటిన తొడుగు అది. దానిలోంచి కొన్ని వేళ్లు బయటికి పొడుచుకొని వచ్చినా, మిగిలినవి లోపలే చుట్టుకొని, కాండం లావయ్యే కొద్దీ బిగుసుకుపోతాయి. చిన్న కత్తెరతో దానిని నిలువుగా రెండు చోట్ల కత్తిరించి, సులువుగా వచ్చినంత మేరకు తీసివేయాలి. వేరుకు అంటుకున్న ముక్కలను బలవంతంగా లాగకూడదు.

పొట్టు ముద్దతో ఇంకో చిక్కు ఉంది. అది ఒకసారి పూర్తిగా ఎండితే కుంచించుకుపోయి, పోసిన నీరంతా దాని పక్కనుంచి చుట్టూ ఉన్న మట్టిలోకి జారిపోతుంది. పైన మడి తడిగా కనిపిస్తుంది, లోపల వేళ్లు దాహంతో ఉంటాయి. వానాకాలంలో దీనికి సరిగ్గా తలకిందులుగా, చుట్టూ ఉన్న గట్టి మట్టిలోంచి నీరంతా పొట్టులోకి చేరి వేళ్లు కుళ్లుతాయి. అందుకని నాటే ముందు ముద్దను బక్కెట్లో నీటి బుడగలు ఆగేవరకు ముంచి, పొట్టులో మూడో వంతు రాలగొట్టి, బయటి వేళ్లు నేరుగా మడి మట్టిని తాకేటట్టు పరచి నాటాలి. కుండీలో కాండం ఎంతవరకు మట్టిలో ఉందో మడిలోనూ అంతే ఉండాలి, అంతకన్నా లోతుగా పూడ్చితే మొదలు కుళ్లుతుంది. మట్టిని చేత్తో అదిమి, చుట్టూ చిన్న పాదు చేసి, నీరు పోసి, ఆ పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు కప్పాలి. ఆకులు కాండాన్ని తాకకుండా చుట్టూ నాలుగు వేళ్ల జాగా వదలాలి. మామిడాకులు నెమ్మదిగా కుళ్లుతాయి కాబట్టి వేసవి దాకా నిలుస్తాయి.

ఏ మొక్కను ఎలా పెంచాలి

తీగ జాతులలో మనీప్లాంట్ నేలలో చూపే మార్పు చూసి తీరవలసినది. గదిలో అరచేతిని మించని ఆకు, కొబ్బరి మొదట్లో నాటి పైకి పాకనిస్తే, ఎత్తు పెరిగే కొద్దీ వెడల్పై, అనుకూలమైన చోట రెండడుగుల పొడవుకు చేరి, అంచులు మాన్‌స్టెరా ఆకు మాదిరిగా చీలుతుంది. అదే తీగను కిందికి వేలాడనిస్తే ఆకు మళ్లీ చిన్నదవుతుంది. ఎక్కడానికి ఆధారం దొరికి, కణుపుల దగ్గరి గాలివేళ్లు తడి బెరడును పట్టుకుంటేనే ఆకు పెరుగుతుంది. తీగను చెట్టుకు ఒక అడుగు దూరంలో నాటి, మొదటి రెండు మూడు కణుపులను అరటి నారతోనో కొబ్బరి తాడుతోనో వదులుగా కట్టాలి, వైరు వాడకూడదు. ఆ తరువాత అది తనంతట తానే ఎక్కుతుంది. అయితే కాపుకాసే కొబ్బరి చెట్టు మీద దీనిని మనిషెత్తుకు మించి పోనివ్వకూడదు. దింపు తీసేవారికి కాలు జారుతుంది, ఆకుల మాటున పురుగూ పుట్రా చేరినా కనిపించదు. ఏడాదికొకసారి పైకొనను కత్తిరించాలి. కత్తిరించిన ముక్కలను కాలువ గట్ల మీద, ఊరి చెరువు పక్కన పారవేయడం మంచిది కాదు. ప్రతి కణుపూ వేరు తొడుగుతుంది, శ్రీలంకలో, హవాయి దీవులలో ఈ తీగ అడవులలోకి పాకి స్థానిక చెట్లను కమ్మేసింది. సింగోనియానికీ ఇదే మాట వర్తిస్తుంది.

మాన్‌స్టెరాకు చుట్టూ ఐదారడుగుల జాగా ఇవ్వాలి. చిన్న కుండీలో ముద్దుగా ఉన్న మొక్క మూడేళ్లలో నడిచే దారిని మూసేస్తుంది. మోడు చెట్టు ఉంటే దాని పక్కన, లేకుంటే కొబ్బరి పీచు చుట్టిన గట్టి కర్ర పాతి పాకించాలి. బాగా ముదిరిన మొక్క మొక్కజొన్న కంకి ఆకారంలో కాయ కాస్తుంది. అది పండడానికి ఏడాది దాకా పడుతుంది. పైనున్న పచ్చటి పెంకులు వాటంతట అవి రాలిన భాగాన్నే తినవచ్చు, పచ్చి భాగం తింటే నోరూ గొంతూ మండుతాయి.

అగ్లోనిమా, పీస్ లిల్లీ, కలాథియాలు ఎక్కువ నీడ కోరేవి. వీటిని వరుసలుగా కాక గుంపులుగా, ఒకదాని ఆకు ఇంకోదానిని తాకేంత దగ్గరగా నాటితే వాటి మధ్య తేమ నిలుస్తుంది. పీస్ లిల్లీ నీరు తక్కువైనప్పుడు ఆకులన్నీ వాల్చేస్తుంది, నీరు పోసిన కొద్ది గంటల్లో లేస్తుంది కనుక మడి మొత్తానికి ఎప్పుడు తడి ఇవ్వాలో దానిని చూసి తెలుసుకోవచ్చు. కలాథియాను మాత్రం కోస్తా జిల్లాలలో తప్ప నేలలో నాటమని సలహా ఇవ్వలేను. రాయలసీమ, తెలంగాణ వేసవిలో దానిని కాపాడడానికి పడే శ్రమతో పది అగ్లోనిమాలను పెంచవచ్చు.

స్నేక్ ప్లాంట్ మన చాగ నార మొక్కకు దగ్గరి చుట్టం, మెల్లగా అలవాటు చేస్తే పూర్తి ఎండకు కూడా తట్టుకుంటుంది. సీమ జిల్లాలవారు మొదట పెంచవలసిన మొక్క ఇదే. జీజీ మొక్క మట్టిలోని దుంపలలో నీరు దాచుకుంటుంది కాబట్టి కరవును ఓర్చుకుంటుంది గానీ వారం రోజుల ముసురుకు కుళ్లిపోతుంది. దానిని మడిలో అన్నిటికన్నా ఎత్తైన చోట, వాన నేరుగా పడని చూరు కింద నాటాలి. క్రోటన్, సాంగ్ ఆఫ్ ఇండియా, కార్డిలైన్ మొక్కలకు రంగు రావాలంటే ఉదయపు ఎండ బాగా తగలాలి. అరీకా పామ్ నేలలో గుబురుగా, ఇంటి పైకప్పును అందుకొనేంత ఎత్తు పెరిగి ప్రహరీ పక్కన మంచి తెరగా ఉంటుంది. ఎండ ఎక్కువైన చోట పసుపుపచ్చగా మారుతుంది, అది జబ్బు కాదు.

రబ్బరు మొక్కను, ఫిడిల్ లీఫ్‌ను, ఫైకస్ బెంజమినాను ఇంటి ఆవరణలో నేలలో నాటవద్దు. ఇవన్నీ మర్రి, రావి కుటుంబంలోని మహావృక్షాలు. వాటి వేళ్లు నీటి సంపును, సెప్టిక్ ట్యాంకును, పునాదిని వెతుక్కుంటూ పోతాయి. అవి కుండీలోనే ఉండాలి.

నీరు, ఎరువు

నీటి మంచిచెడ్డలు ఈ మొక్కల ఆకుల కొసల మీద కనిపిస్తాయి. స్పైడర్ ప్లాంట్, డ్రాసీనా, కలాథియా జాతులకు నీటిలోని ఫ్లోరైడ్ పడదు. నల్లగొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాలలో బోరు నీరు పోస్తే ఎంత నీడలో ఉంచినా ఆకు కొసలు ఎండుతూనే ఉంటాయి. అక్కడ కృష్ణా నీటినో, పట్టి ఉంచిన వాన నీటినో వాడాలి. ఆర్వో యంత్రం వదిలే వృథా నీటిని మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ నీటిలో లవణాలు మామూలు బోరు నీటిలో కన్నా ఎక్కువగా చేరి ఉంటాయి కాబట్టి దానిని వాకిలి కడగడానికి వాడుకొని, ఈ మడికి దూరంగా ఉంచాలి. ఏడాది పొడవునా బోరు నీరే దిక్కైన చోట, మొదటి పెద్ద వానలకు మడి బాగా తడిసి నీరు బయటికి పారేలా వదిలితే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

ఎంత నీరు అన్నదానికి లెక్క లేదు. ఆకుల కప్పును పక్కకు తొలగించి, మట్టిలో వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి, అక్కడ పొడిగా ఉంటే పోయాలి, తడిగా ఉంటే ఆగాలి. వేసవిలో తెల్లవారుజామున పోయడం మేలు. ఎండలో మరిగిన పైపులోని మొదటి నీటిని మొక్కల మీద పట్టకూడదు. ఎరువు విషయంలో అత్యాశ పనికిరాదు. వానాకాలమంతా నెలకొకసారి మొక్కకు గుప్పెడు వర్మీకంపోస్టు వేసి, కావాలంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న 19:19:19 ఎరువును లీటరు నీటికి 2 గ్రాములు మించకుండా కలిపి పోయవచ్చు. చలి ముదిరిన డిసెంబరు, జనవరి నెలల్లోనూ, ఏప్రిల్, మే నెలల్లోనూ ఎరువు పూర్తిగా మానాలి.

వేసవి, తుపాను, పురుగులు

మార్చి మధ్యకల్లా షేడ్ నెట్ కట్టాలి. తీగలకూ ఆంథూరియానికీ 50 శాతం ఎండను ఆపే నెట్, అగ్లోనిమా వంటివాటికి 75 శాతం నెట్ సరిపోతుంది. ఆకుల మీద పరచినట్టు కాకుండా ఏడెనిమిది అడుగుల ఎత్తున కడితేనే కింద గాలి ఆడుతుంది. పైకప్పు కన్నా పడమటి వైపు తెరగా వేలాడదీసిన నెట్ ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే మధ్యాహ్నం మూడు గంటల వేళ ఎండ పక్కనుంచే వస్తుంది. ఈ కాలంలో కొమ్మలు కత్తిరించడం, మొక్కను చోటు మార్చడం వంటి పనులేవీ పెట్టుకోకూడదు. కోస్తావారు అక్టోబరు రాకముందే నెట్‌ను విప్పి మడిచిపెట్టాలి. తుపాను గాలికి అది తెరచాపలా మారి కర్రలను పెకలించి మొక్కల మీదే పడేస్తుంది.

పొడి వేసవిలో ఆకు అడుగున సన్నని గూడులాంటి దారాలు, పైన పసుపు చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో కడగడమే మొదటి మందు. కాడల మొదట్లో తెల్లటి దూదిలా చేరేది పిండినల్లి. చీమల బారు ఆ మొక్క మీదికి పోతుంటే ముందు చీమల పుట్టను చూడాలి, పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలే దానిని కాపాడుతుంటాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కాస్త కుంకుడు రసం చేర్చి, ముందు ఒక ఆకు మీద చల్లి చూసి, మరునాడు మచ్చ రాకపోతే సాయంత్రం పూట మొక్కంతా తడిచేలా వారం వారం చల్లాలి. వానాకాలంలో నత్తలు రాత్రికి రాత్రి లేత ఆంథూరియం ఆకులను జల్లెడ చేస్తాయి. టార్చి పట్టుకొని పొద్దుపోయాక ఏరడం కన్నా నమ్మకమైన ఉపాయం నాకు తెలియదు. కోతులున్న ఊళ్లలో లేత చిగుళ్లు దక్కుతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, స్నేక్ ప్లాంటుకు మాత్రం వాటి బెడద తక్కువ.

కుండీల కింద పెట్టే పళ్లేలలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది; బయట ఉన్న కుండీలకు పళ్లేలు తీసేయాలి. డిఫెన్‌బేకియా, మనీప్లాంట్, అగ్లోనిమాల రసం నోటికి తగిలితే పెదవులు, నాలుక వాస్తాయి కనుక పసిపిల్లలు ఆడే చోట, మేకలూ దూడలూ ప్రహరీ మీదుగా మూతి పెట్టే చోట వీటిని నాటకూడదు. కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి.

రెండో ఏడాదికి అగ్లోనిమా, పీస్ లిల్లీ, స్నేక్ ప్లాంట్ గుబుర్లు కట్టి పిలకలు వేస్తాయి. వానలు నిలదొక్కుకున్నాక గుబురును పలుగుతో మొత్తంగా లేపి, ప్రతి పిలకకూ కొన్ని వేళ్లు మిగిలేలా కత్తితో విడదీసి, కోసిన చోటును ఒక పూట నీడన ఆరనిచ్చి నాటుకోవాలి. స్నేక్ ప్లాంట్ పిలకలను మాత్రం రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. ఆకు అంచున పసుపు చార ఉన్న స్నేక్ ప్లాంట్‌ను ఆకు ముక్కలతో పెంచితే చార పోయి వట్టి పచ్చ మొక్క వస్తుంది; చార కావాలంటే పిలకలే నాటాలి.